రాజవ్వ అరుగెక్కిన అవ్వ

మొన్న నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు దిగిన జనంలోంచి ఒక ఆడమనిషి వచ్చి నా ముందు నిలబడింది. చంకలో గుడ్డసంచి, నోట్లో తమలపాకు. "సారూ, గుర్తువట్టలేదా?" అంది. ముఖం గుర్తుకు రాలేదు. ఆ వెంటనే నవ్వింది, ఆ నవ్వు గుర్తొచ్చింది. బోధన్‌లో నేను అద్దెకున్న గల్లీలో అంత పెద్ద నవ్వు ఒక్క పోసానిదే. బిడ్డ కాన్పయితే చూడటానికి వచ్చిందట.

క్షేమసమాచారాలు అయ్యాక, సంచి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని చెప్పింది.

"అవ్వ పోయింది సారూ."

"ఎప్పుడు?"

"ఎండకాలంల. కూసున్నకాడనే పోయింది. చాట ఒళ్ళెనే ఉన్నది. మేము కునుకు తీస్తున్నదనుకున్నం. పేపర్ల ఏస్తరేమో అని మా పిలగానితోటి సదివిచ్చినం. ఎవరెవరియో ఏసిండ్రు గని అవ్వది ఎయ్యలే."

"నాకు తెలియదు పోసానీ. తెలిస్తే రాసేవాణ్ణి."

"ఏమని రాస్తుంటివి? ఫలాన ఆమె అని పేరు ఉండాలె గద?" అని తనే అడిగి, తనే కొంచెంసేపు ఆలోచించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఔ సారూ, గామె పేరేందో! ఇన్నేండ్లు పక్కపొంటి కూసున్నం. ఎన్నడన్న అడిగినమా?"

నేనూ అడగలేదు. ఊళ్ళో ప్రతివాడి పేరూ, తండ్రి పేరూ అడిగి రాసుకోవడమే నా పని. ఆమె దగ్గర మాత్రం 'అవ్వ' అన్న మాట చాలింది.

యాభయ్యారులో రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో పత్రిక తరఫున బోధన్ వెళ్ళాను. చెరుకు ధర, కాలువ నీళ్ళు, ఫ్యాక్టరీలో గానుగ మొదలైన రోజు, ఆగిన రోజు: ఇవే నా వార్తలు. రాసినవి కవరులో పెట్టి మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిస్తే సాయంత్రానికి నిజామాబాద్ చేరేవి. ఆ తర్వాత పొద్దు గుంకేదాకా నాకు పనుండేది కాదు. మా ఇంటి ముందున్న నులకమంచం మీద కూర్చుని గల్లీని చూస్తుండేవాణ్ణి.

ఒకప్పుడు ఆ గల్లీ అంతా మగ్గాల చప్పుడేనట. మగ్గాలు మూలబడి, నేను పోయేసరికి ఇంటింటా బీడీలు. బీడీలు చేసే ఆడవాళ్ళు ఒంటరిగా కూర్చోరు. ఒళ్ళో చాట, చాటలో తడి ఆకూ తంబాకూ, పక్కన కత్తెర. నలుగురైదుగురు ఒకచోట చేరితేనే చేతులు ఆడతాయి. ఎవరి అరుగు మీద కూర్చోవాలన్నది ఎండ నిర్ణయించేది. పొద్దున తూర్పు వరస ఇళ్ళ అరుగులు, పగటి అన్నం తిన్నాక పడమటి వరస అరుగులు. నీడ ఎటు జరిగితే చాటలు అటు లేచిపోయేవి. అందరూ ఒక్కసారి లేచి, కొంగులు దులుపుకుని, గల్లీ దాటి ఎదుటి అరుగెక్కడం చూస్తే గడియారంతో పని ఉండేది కాదు.

ఆ గుంపులో అందరికంటే పెద్దది అవ్వ. సన్నటి మనిషి. తంబాకు పట్టిపట్టి అరచేతులు వక్కరంగు తేలాయి. నుదుట పెద్ద కుంకుమబొట్టు, కాళ్ళకు మెట్టెలు. ఎక్కడి నుంచో ఆ గల్లీకి వచ్చిందట, ఇంట్లో మాత్రం ఒక్కతే ఉండేది. మొగుణ్ణి ఎవరూ చూడలేదు. బొట్టు పెట్టుకుంది గనక ఎక్కడో ఉన్నాడనుకునేవారు. ఎక్కడ అని అడిగేవారు కాదు.

ఆమెకొక అలవాటుండేది. చేతుల వంక చూడకుండా బీడీ చుట్టేది. చుడుతూ తిట్టేది, నవ్వేది, దారినపోయే వాణ్ణి ఆపి వాళ్ళ అత్తగారి ఆరోగ్యం అడిగేది. కానీ ఎవరైనా నిజంగా కష్టం చెప్పుకుంటుంటే చేతులు ఆగిపోయేవి. సగం చుట్టిన బీడీ వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయేది. గల్లీ ఆడవాళ్ళకు ఆ గుర్తు తెలుసు. అవ్వ చేతులు ఆడుతుంటే అది ముచ్చట. ఆగితే ఆమె వింటోందని అర్థం.

పడమటి వరసలో రాజవ్వ ఇల్లుంది. అరుగు వెడల్పు, ముందుకు దించిన పెంకుల చూరు. మధ్యాహ్నం నీడకు గల్లీలో దాన్ని మించింది లేదు. నేను పోయిన కొత్తలో చాటలన్నీ అక్కడే ఉండేవి. కొన్నేళ్ళకు ఆ అరుగు ఖాళీ అయింది.

కారణం రాజవ్వ కొడుకు సాయిలు. బాగా చదివే పిల్లవాడు, మీసాలు వచ్చే వయసులో బడి మానేశాడు. మొదట మాట తగ్గింది. తర్వాత నిద్ర కరువైంది. ఒకరోజు గోడవైపు తిరిగి తనలో తాను నవ్వుకునేవాడు, ఇంకోరోజు కుండలు పగలగొట్టేవాడు. చెరుకు కాలంలో పిల్లలంతా బండ్ల వెనక పరుగెత్తి గడలు లాక్కుంటారు. సాయిలు లాక్కున్న గడలు తినడు, రోడ్డు మీద వరసగా పేర్చేవాడు. బండ్లు తన్నుకుని ఆగిపోతే బండివాళ్ళు ములుగర్రతో కొట్టేవారు. ఒక మధ్యాహ్నం అరుగు మీద పోసాని చాటను కాలితో తంతే తంబాకంతా మోరీ కాలువ పాలయింది. ఆ మర్నాటి నుంచి నీడ రాజవ్వ అరుగు మీద పడ్డా, చాటలు మాత్రం ఆ ఇల్లు దాటి పక్కింటి సగం ఎండలో కూర్చునేవి. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే రాజవ్వకు ఎక్కువైంది. కొడుకును లోపలి గదిలో వేసి గొళ్ళెం పెట్టి, గడపలో ఒంటరిగా బీడీలు చుట్టేది.

ఎన్నాళ్ళు గడిచాయో గాని, ఒకరోజు అన్నాలు తిన్నాక అందరూ లేచి గల్లీ దాటుతున్నారు. అవ్వ వాళ్ళతో పోలేదు. చాట చంకన పెట్టుకుని నేరుగా రాజవ్వ అరుగెక్కింది. లోపల తలుపు దబదబ బాదుతున్న చప్పుడు నా మంచం దాకా వినిపిస్తోంది.

"ఇక్కడెందుకు కూసుంటవవ్వా? ఇయ్యాల వాడు మంచిగ లేడు," అంది రాజవ్వ.

"నేను వాని కోసం రాలేదే. నీడ కోసం వచ్చిన. జర జరుగు."

కూర్చుంది. ఆకు మీద నీళ్ళు చిలకరించింది. కొడుకు సంగతి అడుగుతుందేమోనని రాజవ్వ తల వంచుకుంది. అవ్వ అడిగింది అది కాదు.

"రాత్రి పండినవా?"

రాజవ్వ చేతిలోని ఆకును తిప్పి చూసింది. "పండుడు ఎట్లుంటదో యాది లేదవ్వా."

అవ్వ చేతులు ఆగాయి. "చాట ఇటియ్యి. పో, గా మూలకు ఒరుగు."

"వాడో?"

"తలుపు కొడుతున్నడు గద? కొట్టనీ. కొట్టినంతసేపు ఉన్నట్టే గద. సప్పుడు ఆగితె నేనే లేపుత."

రాజవ్వ కొంగు తలకింద పెట్టుకుని అరుగు మూలన ఒరిగింది. ఫ్యాక్టరీ సైరన్ మోగినా లేవలేదు. నీడ గల్లీ అంతా పరుచుకుని ఎదుటి గోడలెక్కేదాకా పడుకుంది. అవ్వ తన చాటలో కొంత, రాజవ్వ చాటలో కొంత చుడుతూ, మధ్యమధ్య తలుపు వైపు తిరిగి, "అరే, జర ఆగి కొట్టు, చేతులు నొస్తయి," అనేది. సాయంత్రానికి చప్పుడు దానంతటదే తగ్గింది.

మర్నాడు పోసాని వచ్చింది. "నా చాట తన్నిండని నాకింక కోపమున్నది. గని ముసల్దానివి ఒక్కదానివే కూసుంటె చూడబుద్ది కాలే," అంటూ ఎక్కింది. తర్వాత ఇంకొకరు. పక్షం తిరిగేసరికి చాటలన్నీ పాత నీడకు వచ్చేశాయి. అరుగు నిండా మనుషులున్నాక గొళ్ళెం అక్కర లేకపోయింది. అంతమంది కళ్ళు తప్పించుకుని సాయిలు వీధిలోకి పోలేడు. తలుపు తీస్తే వచ్చి గడపలో కూర్చునేవాడు.

అతను రాగానే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు. భయంతో కొంత, మర్యాదతో కొంత. అవ్వ ఒప్పుకోలేదు.

"గిట్ల మూగవోతె తన ముచ్చటే నడుస్తుండె అనుకుంటడు. మాట్లాడుండ్రి. కొట్లాడుండ్రి."

"కొట్లాడుమని మాకు జెప్పాల్నా అవ్వా?" అంది పోసాని. ఆ మాటకు గడపలోంచి చిన్న నవ్వు వినిపించింది. గోడవైపు తిరిగి నవ్వే నవ్వు కాదు. రాజవ్వ చేతిలో కత్తెర వదిలేసి కొంగుతో ముఖం కప్పుకుంది.

సాయంత్రం చాటలు లేచే ముందు ఒక్కొక్కరూ తమ బీడీల్లోంచి ఒక పిడికెడు రాజవ్వ చాటలో వేయడం అప్పుడే మొదలైంది. రాజవ్వ పడుకున్న పొద్దు ఆమె పని ఎవరు చేస్తారు? ఇది అవ్వ పెట్టిన పద్ధతే. కానీ ఎవరైనా జాలిగా వేస్తే ఊరుకునేది కాదు. "భిచ్చం ఏస్తున్నవా? మంచియి ఏరి ఎయ్యి. కార్ఖానల మునీం ఆమె బీడీలు ఇరిచి పారేస్తె నీ చెయ్యి ఇరుస్త."

సాయిలు తండ్రికి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దించే చోట పని. ఇంటికి వచ్చి పెళ్ళాం మీద అరిచేవాడు. "నువ్వు గారాబం జేసే గిట్ల తయారైండు." ఒకరోజు అవ్వ అక్కడే ఉంది.

"పాలు ఇరిగితె బర్రెను కొడుతవారా?"

"మరెవన్ని కొట్టాలె?" అన్నాడతను. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు.

"ఎవన్నీ కొట్టకు. ఐతారం పొద్దుగాల వాన్ని తోలుకొని కాలువ దాక నడిచి రా. గంతసేపు ఈమె ఊపిరి వీల్చుకుంటది."

వాళ్ళు పోవడం నేను చూసేవాణ్ణి. మొదట్లో తండ్రి ముందు, కొడుకు ఒక బండి దూరం వెనక. ఇద్దరూ ఒకరికొకరు తెలియనివాళ్ళలా నడిచేవారు. ఆ దూరం ఎప్పుడు తగ్గిందో గమనించలేదు గాని, ఒక ఆదివారం ఇద్దరూ ఒకే చెరుకు గడను విరుచుకుని నములుతూ రావడం చూశాను.

నిజామాబాద్ పెద్ద దవాఖానాకు కూడా రాజవ్వనూ సాయిలునూ తీసుకుపోయింది అవ్వే. డాక్టరు ఓపికగా చూసి మాత్రలు రాశాడు, మానకుండా వేయమన్నాడు. తిరిగి వచ్చాక రాజవ్వ మరిది తాయెత్తు పట్టుకొచ్చాడు. ఇప్పుడేం చేయాలని రాజవ్వ అవ్వ ముఖం చూసింది. "కట్టు. తాయెత్తు ఏం బరువు? గోలీలు మాత్రం ఇడువకు. అది మెడల ఉంటది, ఇది కడుపులకు పోతది. రెండిటికి కొట్లాట లేదు," అంది.

ఈ సంగతులు ఎలా పాకాయో గాని, ఇతర వీధుల తల్లులు కూడా ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పని ఉన్నట్టు వచ్చేవారు, కత్తెర అడగడానికో, సున్నం అడగడానికో. ఒకరి కూతురు నెలల తరబడి దుప్పటి కప్పుకుని లేవదు. ఒకరి కొడుకు ఇల్లు విడిచి పోతూనే ఉంటాడు. ఒకసారి సరిహద్దు అవతలి ఊరి నుంచి సంతకు వచ్చిన మరాఠీ ఆమె అరుగు చివర కూర్చుని, తన భాషలో చాలాసేపు చెప్పి, ఏడ్చి, ముఖం కడుక్కుని వెళ్ళిపోయింది. అంతసేపూ అవ్వ చేతులు కదల్లేదు. ఆమె పోయాక నేను మంచం మీంచే అడిగాను.

"ఏం అర్థమైందవ్వా?"

"సగం సమజైంది కొడుకా. కడమ సగం ఆమెకే సమజైనట్టు లేదు."

ఈ పనికి ఆమె ఎప్పుడూ పేరు పెట్టలేదు. ఇంత పట్టింపు ఆమెకెందుకో అని ఎవరూ ఆరా తీయలేదు. అది తెలిసింది సాయిలు పెళ్ళి మాట వచ్చినప్పుడు.

మాత్రలు పనిచేసి, వానాకాలమంతా సాయిలు నెమ్మదిగా ఉన్నాడు. దసరా దాటాక ఒక మధ్యాహ్నం రాజవ్వ అరుగు మీద అందరికీ పుట్నాలూ బెల్లమూ పంచింది. మరిది కోటగిరిలో సంబంధం చూశాడు. పిల్ల మంచిది, పనిమంతురాలు. వచ్చే వారం పసుపూ కుంకుమా పెట్టి వస్తారు. సాయిలు సంగతి వాళ్ళకు చెప్పలేదు.

అందరూ సంతోషించారు. ఆ గల్లీలోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా కుదురులేని పిల్లవాడికి ఆఖరి వైద్యం అదే. మంత్రగాడు చెప్తాడు, మేనమామ చెప్తాడు, దారినపోయేవాడూ చెప్తాడు: పెళ్ళి చేస్తే కుదురుతాడని.

"లగ్గమైతె పురాగ మంచిగైతడు," అంది పోసాని నోట్లో పుట్నాలు వేసుకుంటూ.

అవ్వ పుట్నాలు తీసుకోలేదు. చేతులు ఆగి ఉన్నాయి.

"పిల్లకు జెప్పకుంట తెస్తున్నవా రాజవ్వా?"

"చెప్తె ఎవరిస్తరవ్వా?"

"ఇయ్యరు. అందుకే జెప్పాలె."

రాజవ్వ ముఖం ఎర్రబడింది. "నాకు ఒక తోడు కావాలె. నేనెన్ని దినాలని గిట్ల ఒక్కదాన్ని చావాలె? కోడలొస్తె రొంత సేపన్న వాన్ని చూస్తది. నేను కలుపుకు పోతె ఇంటికాడ ఒక మనిషన్న ఉంటది."

"కోడలు తోడు కాదు. ఏడ్చేటోళ్ళు ఇద్దరైతరు."

"నీకేమెరుకవ్వా?" రాజవ్వ గొంతు పెరిగింది. "నీకు పిల్లలా, కోడండ్లా? కన్నదానివైతె ఎరుకుంటుండె. మొగుడు ఏడున్నడో ఎరుక లేదు గని బొట్టు మాత్రం ఇంతది పెట్టుకొని ఊరందరికి బుద్ది జెప్తవు!"

గడపలో సాయిలు తల్లినీ అవ్వనూ మార్చిమార్చి చూస్తున్నాడు. అవ్వ కోపగించుకోలేదు. ఆకు ముక్కలు చాట మధ్యకు తోసుకుంటూ, వంటసామాను సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నన్ను గట్లనే తెచ్చిండ్రే. నాకు జెప్పలే, మా బాపుకు జెప్పలే. మందు తెచ్చినట్టు తెచ్చిండ్రు. వచ్చినంక మూడు దినాలకు సమజైంది. ఆయన చెడ్డోడు కాదు. ఒక్కొక్క దినం నా దిక్కు చూసి, ఈమె ఎవరని వాళ్ళ అవ్వను అడుగుతుండె. మందు పని జెయ్యకపోతె మందును తిడతరు గద, నన్ను తిట్టిండ్రు. ఒకనాడు జాతరకు పోయేటోళ్ళ బండ్ల వెంబడి పోయిండు. ఇంక రాలే. సచ్చిండని ఎవరు జెప్పలే. అందుకే బొట్టు తీయలే."

రాజవ్వ లేచి నిలబడింది. ఆ ముఖంలో జాలి లేదు, భయం ఉంది.

"నా కొడుకు గట్ల కాడు. నువ్వు నా అరుగు దిగు."

అవ్వ చాట చంకన పెట్టుకుని దిగింది. మర్నాడు మధ్యాహ్నం పక్కింటి సగం ఎండలో ఒంటరిగా కూర్చుంది. మిగతావాళ్ళు అరుగు మీదే ఉన్నారు, కానీ ఆ అరుగు మీద నవ్వు లేదు. పోసాని కూడా ఊరికే ఆకు కత్తిరించుకుంది. కోటగిరి ప్రయాణం దగ్గర పడుతోంది. పసుపు కొమ్ములు, రవికె గుడ్డ రాజవ్వ ఇంటికి రావడం నేను చూశాను.

ప్రయాణానికి ముందు రోజు, అన్నాలయ్యాక, రాజవ్వ తన అరుగు దిగి గల్లీలో నిలబడింది. నెత్తిన కొంగు లాక్కుని అవ్వ దగ్గరికి నడిచి, ఆ ఎండలోనే చతికిలబడింది.

"మీ అత్త ఎన్నడన్న జెప్పిందా?"

"ఏమని?"

"నిన్ను ఎందుకు తెచ్చుకున్నదో."

అవ్వ కత్తెర కింద పెట్టింది. "పోయేటప్పుడు జెప్పింది. ఆయన పోయినంక ఇద్దరం ఒక్క ఇంట్లనే ఉన్నం గద, చానేండ్లు. ఆమెకు నేనే తోడు, నాకు ఆమెనే. మంచంల వడ్డంక నా చెయ్యి వట్టుకొని అన్నది, 'బిడ్డా, నాకు నిద్ర కావాలనిపిచ్చింది. ఒక్క రాత్రన్న నిండ నిద్ర. గందుకని నిన్ను తెచ్చుకున్న. మాఫ్ చెయ్యి' అని."

"చేసినవా?"

"ఏం జేస్త? మా అత్త చెడ్డది కాదే రాజవ్వా. అలిసిపోయింది. గంతే. గప్పుడు ఆమె దగ్గర ఎవరన్న కూసుంటె, పో పండు అంటె, నా బతుకు ఇంకో తీర్గ ఉంటుండె."

రాజవ్వ మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఎండ ఇద్దరి మీదా ఉంది. చివరికి తల ఎత్తకుండానే అడిగింది.

"నేనిప్పుడు ఏం జెయ్యాలె?"

"రేపు కోటగిరికి పోదాం. ఉన్నది ఉన్నట్టు జెప్పి వద్దాం. నేనొస్త."

ఆ మర్నాడు నాకు కోటగిరి వైపు కాలువ గట్టు వార్త ఉంది. ఒకే బస్సులో పోయాం. రాజవ్వ దారి పొడుగునా ముందు సీటు కడ్డీ పట్టుకునే కూర్చుంది. సాయిలును ఒక పగలంతా వదిలి రావడం ఆమెకు అదే మొదటిసారి. అరుగు మీద పోసాని వాళ్ళున్నారు, తండ్రి పనికి పోలేదు. అయినా ప్రతి ఊళ్ళో బస్సు ఆగినప్పుడు దిగిపోయేలా చూసింది.

"తోడు మగమనిషి ఉంటె మర్యాదగ మాట్లాడుతరు. నువ్వు రా కొడుకా, మాట్లాడకు," అంది అవ్వ. వెళ్ళాను, మాట్లాడలేదు.

పిల్ల తండ్రి వరి, చెరుకు రెండూ ఉన్న రైతు. మంచాలు వాల్చి, మంచినీళ్ళిచ్చారు. పిల్ల తల్లి లోపలికీ బయటికీ తిరుగుతోంది. రాజవ్వ తలెత్తకుండా, ఒక్క ఊపిరిలో, కొడుకు బడి మానిన దగ్గర్నుంచి మాత్రల దాకా అంతా చెప్పింది. "మీ పిల్ల నిండ నూరేండ్లు బతకాలె. మీకు తెల్వకుంట తీస్కపోతె నాకు పాపం తగులుతది," అంది.

ఆ తండ్రి లేచాడు. "పిచ్చోన్ని మాకు అంటగట్టాలని చూసిండ్రా? మా ఇజ్జత్ ఏం కావాలె? మీ మరిది ముత్యమసొంటి పిలగాడన్నడు! మోసం జేస్తరా?"

అతను అరుస్తుండగానే ఇంటి వెనక భాగంలో ఎవరో తలుపు బాదారు. ఆగి ఆగి, అరచేతితో. పిల్ల తల్లి ఇత్తడి బిందె దబ్బున కింద పెట్టింది. బర్రె కొట్టంలో తన్నుకుంటున్నదని ఎవరూ అడగకుండానే చెప్పింది. తండ్రి గొంతు ఒక్కసారి తగ్గి, మళ్ళీ పెరిగింది. రాజవ్వ తల ఎత్తి ఆ తలుపు వైపు చూసింది. ఆ చప్పుడు ఆమెకు తెలియనిది కాదు. అవ్వ మాత్రం చెంబులో నీళ్ళు పూర్తిగా తాగి, కింద పెట్టి, "పోయొస్తం బిడ్డా," అని లేచింది.

బస్సు కోసం రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాం. బస్సు వచ్చింది. అవ్వ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, రాజవ్వ ఆమె పక్కన. కండక్టరు తలుపు వేయబోతుంటే, పొలాల గట్టు మీద ఆ పిల్ల తల్లి పరుగెత్తుకుంటూ వస్తోంది. చెప్పులు లేవు, కొంగు జారిపోతోంది. వచ్చి, కిటికీ కింద నిలబడి, ఊపిరి అందక, అవ్వను చూసింది.

"మా చిన్నోడు," అంది. "బిడ్డ తర్వాత వాడే. మీకు జెప్పలే మేము. ఎవ్వరికి జెప్పలే." ఇంకేదో అనబోయి ఆగిపోయి, కిటికీ ఊచ పట్టుకుంది. "నాకు ఏం జెయ్యాల్నో తోస్తలేదు అవ్వా."

అవ్వ ఏదో అంటుందని నేను చూశాను. ఆమె మాత్రం పక్కకు తిరిగి రాజవ్వను చూసింది.

రాజవ్వ అప్పటికే లేచింది. ముందు సీటు కడ్డీ వదిలేసి, జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగింది. దిగి, ఆ తల్లి జారిన కొంగు సరిచేసి భుజం మీద వేసింది. ఇద్దరూ రోడ్డు పక్క గడ్డిలో కూర్చున్నారు.

"ఓ అమ్మా, ఎక్కుతవా ఎక్కవా? టైమైతున్నది!" అని కండక్టరు అరిచాడు. "గిది పోతె పొద్దుగూకేదాక ఇంకో బస్సు లేదు."

"పోనీయి బిడ్డా," అంది అవ్వ. "ఆమె రాదు. ఆమెకు పనుంది."

"మరి ఇంటికాడ పిలగాడో?" అన్నాను నేను ఉండబట్టలేక.

"మేం లేమా?" అంది అవ్వ, వెనక్కి తిరిగి చూడకుండా. బస్సు కదిలింది.